మనస్సు: తత్త్వవిచారం, ప్రయోగ విజ్ఞానం

మనస్సును గురించిన విచారణ రెండు దారుల్లో సాగుతోంది. తర్కం, అంతఃపరిశీలన, భావనల విశ్లేషణ సాధనాలుగా చేసేది తత్త్వశాస్త్రం. కొలత, ప్రయోగం, గణాంకాలు సాధనాలుగా చేసేవి మనస్తత్వశాస్త్రం, న్యూరోసైన్స్, వాటికి దగ్గరి శాఖలు. భౌతికశాస్త్రం తత్త్వశాస్త్రం నుంచి విడిపోయి మూడు శతాబ్దాలు దాటింది. మనోవిజ్ఞానం వేరుకాపురం పెట్టింది పందొమ్మిదో శతాబ్ది చివర్లో. పెట్టాక కూడా రాకపోకలు తగ్గలేదు.

తత్త్వవేత్త ప్రశ్న వేస్తాడని, శాస్త్రజ్ఞుడు జవాబు చెబుతాడని పాఠ్యపుస్తకాలు చెప్పడం కద్దు. చరిత్రలో అంత తిన్నగా జరిగిన సందర్భాలు తక్కువ. ప్రయోగశాలలోకి వెళ్ళిన ప్రశ్న సాధారణంగా రెండు మూడు ప్రశ్నలుగా చీలి బయటికొస్తుంది. వాటిలో పాత ప్రశ్న ఏదో పోల్చుకోవడానికి మళ్ళీ తత్త్వవిచారమే కావలసివస్తుంది.

వేరుపడక ముందు

రెనే డెకార్ట్ 1641లో వెలువరించిన 'మెడిటేషన్స్'లో మనస్సు, శరీరం రెండు వేర్వేరు పదార్థాలని వాదించాడు. శరీరం స్థలాన్ని ఆక్రమిస్తుంది, మనస్సు ఆక్రమించదు. 1643 మే నెలలో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయనకు ఉత్తరం రాసి సూటిగా అడిగింది: ఏదైనా కదలాలంటే మరొకటి తాకి నెట్టాలి గదా, స్థలమే ఆక్రమించని మనస్సు శరీరాన్ని ఎలా కదిలిస్తుంది? డెకార్ట్ ఇచ్చిన జవాబులు ఆమెకు తృప్తినివ్వలేదు, తర్వాతి వాళ్ళకూ ఇవ్వలేదు. ఆయన జంతువుల శరీరాలు కోసి చూసిన మనిషి కూడా. ఆత్మ, శరీరం కలిసేది పీనియల్ గ్రంథి దగ్గరన్నాడు, ఎందుకంటే మెదడులో మిగతా భాగాలు జంటలుగా ఉంటే అదొక్కటే ఒంటరిగా ఉందని ఆయన లెక్క. జవాబు తప్పే; అయితే శరీరనిర్మాణాన్ని చూసి చెప్పిన జవాబు.

ఇమ్మాన్యుయెల్ కాంట్ 1786లో మనోవిజ్ఞానం అసలైన ప్రకృతి విజ్ఞానం కాజాలదని తీర్పు చెప్పాడు. గణితం ఎంత మేరకు వర్తిస్తుందో అంత మేరకే అది శాస్త్రమని, మనోవ్యాపారాలకు గణితం అన్వయించదని ఆయన కారణం. తర్వాతి తరాల జర్మన్ శరీరశాస్త్రజ్ఞులు ఈ తీర్పును పక్కన పెట్టి కొలవడం మొదలుపెట్టారు. నాడీ సంకేతం వేగం కొలతకు అందనిదని యోహానెస్ మ్యూలర్ అనుకునేవాడు. 1850లో ఆయన శిష్యుడు హెర్మాన్ హెల్మ్‌హోల్ట్స్ కప్ప నరంలో దాన్ని కొలిచి సెకనుకు సుమారు 27 మీటర్లని తేల్చాడు. గుర్రం పరుగు కన్నా ఎక్కువే గాని, ఊహకు అందనంత కాదు. తలపుకు కూడా సమయం పడుతుందని, ఆ సమయాన్ని కొలవవచ్చని తేలిపోయింది. 1860లో గుస్టావ్ ఫెక్నర్ ఉద్దీపన బలానికి, అనుభూతి తీవ్రతకు గణిత సంబంధం రాశాడు. 1868లో డచ్చి వైద్యుడు డాండర్స్ ప్రతిస్పందన కాలాలను ఒకదానిలోంచి ఒకటి తీసివేసి, 'నిర్ణయించడానికి' ఎంత సమయం పడుతుందో లెక్కగట్టాడు.

1879లో లైప్‌జిగ్‌లో తొలి మనస్తత్వ ప్రయోగశాలగా పేరొందిన దాన్ని స్థాపించిన విల్‌హెల్మ్ వుంట్ అప్పటికి అక్కడ తత్త్వశాస్త్ర ఆచార్యుడు. ప్రయోగ ఫలితాల కోసం ఆయన పెట్టిన పత్రిక పేరు 'ఫిలాసఫిషే స్టూడియెన్'. 1876లో ఇంగ్లండ్‌లో మొదలైన 'మైండ్' పత్రిక మనస్తత్వశాస్త్రం, తత్త్వశాస్త్రం రెండింటికీ కలిపి పుట్టింది. 1890లో 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైకాలజీ' రాసిన హార్వర్డ్ ఆచార్యుడు విలియం జేమ్స్‌ను నేటికీ ఇరువైపులా వాళ్ళు తమవాడే అంటారు.

ఒక్క క్షణంలో ఒక్క తలపేనా?

రెండు దారులు ఎలా పెనవేసుకుంటాయో చూడడానికి అనువైన ప్రశ్న ఇది. మన దేశంలో దీనికి పాత చరిత్ర ఉంది. గౌతముడి న్యాయసూత్రాలు మనస్సు ఉందనడానికి ఒక గుర్తు చూపిస్తాయి: ఒకే క్షణంలో అనేక జ్ఞానాలు కలగకపోవడం. కళ్ళు తెరిచే ఉన్నాయి, చెవులు తెరిచే ఉన్నాయి, రూపమూ శబ్దమూ ఎదుటే ఉన్నాయి. అయినా ఒకదాని మీద ధ్యాస ఉంటే రెండోది తెలియదు. కాబట్టి ఇంద్రియాలకూ ఆత్మకూ నడుమ ఒక్కోసారి ఒక్క ఇంద్రియంతోనే కలిసే సాధనం ఉండి తీరాలి. అదే మనస్సు. అది అణువంత ఉండాలి, పెద్దదైతే ఐదింటితో ఒకేసారి కలిసేది.

గమనించవలసింది, ఈ వాదం శ్రుతి ప్రమాణం మీద నిలబడలేదు, అందరికీ తెలిసిన అనుభవం మీద నిలబడింది. అనుభవం నుంచే దానికి అడ్డు కూడా వచ్చింది. పదిహేడో శతాబ్ది నైయాయికుడు విశ్వనాథ న్యాయపంచాననుడు 'న్యాయసిద్ధాంతముక్తావళి'లో ఆ అభ్యంతరాన్ని తానే ఎత్తుకుంటాడు. పొడవాటి శష్కులిని, అంటే జంతిక లాంటి కరకరలాడే పిండివంటను, కొరికి నమిలేవాడికి దాని రూపం, రుచి, వాసన, స్పర్శ, చప్పుడు అన్నీ ఒక్కసారే తెలియడం లేదా? అనేక అవధానాలు చేసేవాడి సంగతేమిటి? దీనికి ఆయన సమాధానం: మనస్సు అతి చురుకైనది, ఒక ఇంద్రియం నుంచి మరో ఇంద్రియానికి రెప్పపాటులో మారిపోతుంది. నూరు కలువ రేకులను దొంతరగా పెట్టి సూదితో గుచ్చితే అన్నీ ఒక్కసారే తెగినట్టు తోస్తుంది, నిజానికి ఒకదాని తర్వాత ఒకటి తెగుతాయి. ఏకకాలమనుకోవడం భ్రాంతి.

చమత్కారమైన సమాధానమే. చిక్కేమిటంటే, ఇలా చెప్పేవాడిని ఏ అనుభవమూ ఓడించలేదు. ఏకకాలంగా తోచిన ప్రతిదాన్నీ అతివేగమైన వరస అని తోసెయ్యవచ్చు. రేకుకూ రేకుకూ మధ్య వ్యవధిని కొలిచేదాకా తగవు తెగదు. అంత చిన్న కాలాన్ని కొలిచే సాధనం ముక్తావళీకారుడి దగ్గర లేదు.

సాధనం వేరే పని మీద వచ్చింది. 1796లో గ్రీనిచ్ ఖగోళశాల అధిపతి నెవిల్ మాస్కెలీన్ తన సహాయకుడు కినబ్రూక్‌ను పనిలోంచి తీసేశాడు. నక్షత్రం టెలిస్కోపులోని తీగను దాటిన సమయాన్ని అతడు తనకంటే దాదాపు 0.8 సెకను ఆలస్యంగా రాస్తున్నాడని ఫిర్యాదు. అప్పటి పద్ధతి ప్రకారం పరిశీలకుడు కంటితో నక్షత్రాన్ని చూస్తూ, చెవితో గడియారం టిక్కులు వింటూ, రెంటినీ జతపరిచి సెకనులో పదో వంతు దాకా అంచనా కట్టాలి. తర్వాత జర్మన్ ఖగోళజ్ఞుడు బెస్సెల్ ఇతర పరిశీలకులను పోల్చి చూస్తే ఏ ఇద్దరి లెక్కలూ కలవలేదు. తప్పు కినబ్రూక్ ఒక్కడిది కాదు, కన్నూ చెవీ ఒకే క్షణాన మనస్సుకు అందించలేకపోవడం మనుషులందరి పరిస్థితి. వుంట్ తొలి ప్రయోగాలు దీన్నే లోలకంతో, గంటతో తిరిగి చేసినవి: లోలకం ఒక గుర్తును దాటుతుండగా గంట మోగిస్తే, మోగినప్పుడు లోలకం ఎక్కడుందో మనిషి సరిగా చెప్పలేడు.

తర్కశాస్త్రజ్ఞుడు విలియం స్టాన్లీ జెవన్స్ 1871లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన ప్రయోగానికి ఒక పిడికెడు నల్ల చిక్కుడు గింజలు చాలాయి. నల్లని పళ్ళెంలో తెల్లకాగితం పెట్టె పెట్టి దాంట్లోకి గింజలు విసిరేవాడు. పెట్టెలో ఎన్ని పడ్డాయో చూడగానే, లెక్కపెట్టకుండా చెప్పి, ఆ తర్వాత లెక్కపెట్టి చూసుకునేవాడు. వెయ్యికి పైగా సార్లు చేశాడు. మూడు, నాలుగు గింజల దాకా ఒక్కసారి కూడా తప్పలేదు; అయిదు దగ్గర తప్పడం మొదలైంది. అంతకుముందు ఎడింబరో తత్త్వవేత్త విలియం హామిల్టన్ గోళీలతో ఇదే ప్రశ్న వేసుకుని, ఆరు ఏడింటి దాకా మనస్సు ఒకేసారి పట్టగలదన్నాడు. హామిల్టన్ ఊహకు, జెవన్స్ పట్టికకు ఉన్న తేడాలోనే కొత్త శాస్త్రం లక్షణం కనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దిలో ప్రశ్న మిల్లీసెకన్ల మెట్టుకు దిగింది. 1931లో టెల్‌ఫర్డ్, 1952లో వెల్‌ఫర్డ్ మొదలుపెట్టిన ప్రయోగాల తీరు ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒక శబ్దం వినిపిస్తారు, హెచ్చు స్థాయిదో తగ్గు స్థాయిదో నోటితో చెప్పాలి. వెంటనే తెర మీద ఒక అక్షరం చూపిస్తారు, అదేదో మీట నొక్కి చెప్పాలి. రెంటికీ మధ్య సెకను ఎడం ఉంటే రెండూ చకచకా జరిగిపోతాయి. ఎడం యాభై, వంద మిల్లీసెకన్లకు తగ్గిస్తే మొదటిది మామూలుగానే అవుతుంది. రెండోది ఎడం తగ్గిన కొద్దీ ఆలస్యమవుతుంది, మొదటిది తేలేదాకా వాకిట్లో ఆగినట్టు. హెరాల్డ్ పాష్లర్ తదితరులు ఈ ఆలస్యాన్ని విడదీసి చూశారు. చూడడం, వినడం కలిసే సాగుతున్నాయి. మీట నొక్కే చేతికి, పలికే నోటికీ పెద్దగా పేచీ లేదు. 'దీనికి ఏం జవాబివ్వాలి' అని తేల్చే మెట్టు దగ్గర మాత్రం ఒక్కోటిగా వెళ్ళాల్సి వస్తోంది. 1992లో రేమండ్, షపీరో, ఆర్నెల్ ఇంకో విషయం చూపారు. వేగంగా మారిపోయే అక్షరాల వరుసలో ఒక గుర్తును పట్టుకున్నాక సుమారు రెండు నుంచి అయిదు వందల మిల్లీసెకన్ల లోపు వచ్చే రెండో గుర్తు చాలాసార్లు కళ్ళముందే జారిపోతుంది.

మరి విశ్వనాథుడు నెగ్గాడా? ప్రశ్న చీలిందని చెప్పడమే న్యాయం. ఇంద్రియాల మెట్టు దగ్గర ఓడాడు, నిర్ణయం మెట్టు దగ్గర నెగ్గాడు. ఆయన 'జ్ఞానం' అన్నది ఈ రెండిట్లో దేన్నో ఏ స్టాప్‌వాచీ చెప్పదు. నిశ్చయాత్మకమైన తెలివినే జ్ఞానమంటే ఆయన పక్షం బలంగా ఉంది. ఇంతలో కొత్త అడ్డు వచ్చింది. 1997లో మేయర్, కీరస్ ఒక్కోటిగా వెళ్ళాల్సిన ఆ ఇరుకు మెదడు నిర్మాణంలో లేదని, మనిషి ఎంచుకునే పద్ధతిలో ఉందని వాదించారు. 2001లో షూమేకర్ బృందం బాగా సాధన చేసిన వాళ్ళలో కొందరికి ఆలస్యం దాదాపు మాయమవుతుందని చూపింది.

సాధన మాట వస్తే తెలుగువాళ్ళకు అవధానం గుర్తుకు రాక తప్పదు. అష్టావధానంలో సమస్య, దత్తపది, వర్ణన ఇచ్చిన పృచ్ఛకులకు అవధాని పాదం పాదంగా పద్యం చెబుతూ ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరికి వెళతాడు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుతగులుతాడు. అప్రస్తుత ప్రసంగి ఎప్పుడు పడితే అప్పుడు మాట కలుపుతాడు. చివర్లో ధారణ, పద్యాలన్నీ మొదటి నుంచి ఒప్పజెప్పాలి. ఇంతవరకు అంతా వరసే, విశ్వనాథుడికి అభ్యంతరం లేనిదే. ఇబ్బంది పెట్టేది గంట. ఎప్పుడు మోగుతుందో తెలియని గంటను, యతి ప్రాసలు కూర్చుకుంటున్న మధ్యలోనే పట్టుకుని లెక్క తప్పకుండా ఉంచుకోవాలి. ఆ లెక్క పద్యంతో పాటు సాగుతోందా, పద్యం సందుల్లో దూరుతోందా అన్నది సభలో కూర్చుని చెప్పగలిగేది కాదు. పైన చెప్పిన రెండు పక్షాల మధ్య తేడా సరిగ్గా అక్కడే ఉంది కాబట్టి, పరిశోధకులకు ఇంతకన్నా అనువైన విషయం దొరకడం కష్టం.

మోలినో ప్రశ్న

1688లో డబ్లిన్ పండితుడు విలియం మోలినో జాన్ లాక్‌కు ఒక ప్రశ్న పంపాడు. పుట్టు గుడ్డివాడొకడు చేత్తో తడిమి గోళాన్ని, ఘనాన్ని గుర్తుపట్టడం నేర్చాడు. అతడికి చూపొస్తే, ముట్టుకోకుండా చూసి ఏది ఏదో చెప్పగలడా? మోలినో భార్యకు చూపు పోయిందన్న సంగతి ఈ ప్రశ్న వెనక ఉంది. లాక్ 1694లో తన గ్రంథం రెండో ముద్రణలో దీన్ని చేర్చి 'చెప్పలేడు' అన్నాడు. స్పర్శకు, చూపుకు లంకె అనుభవంతోనే ఏర్పడుతుందని ఆయన మతం. బర్క్లీ కూడా చెప్పలేడనే అన్నాడు. లైబ్నిట్స్ మాత్రం, ఎదుట ఉన్నవి ఆ రెండేనని ముందే చెబితే బుద్ధితో పోల్చుకోగలడన్నాడు. 1728లో లండన్ శస్త్రవైద్యుడు చెసెల్డెన్ పదమూడేళ్ళ కుర్రాడికి శుక్లాలు తీసిన అనుభవాన్ని ప్రచురించాడు. ఇరుపక్షాలూ అందులో తమకు కావలసింది చదువుకున్నాయి.

మూడు శతాబ్దాల తర్వాత నిలకడైన ప్రయోగం ఢిల్లీలో జరిగింది. ఎం.ఐ.టి. ఆచార్యుడు పవన్ సిన్హా నడిపే ప్రాజెక్ట్ ప్రకాశ్ కింద, పుట్టుకతో చూపులేక 8 నుంచి 17 ఏళ్ళ మధ్య శస్త్రచికిత్సతో చూపు పొందిన ఐదుగురితో చేసి, 2011లో ఫలితాలు ప్రకటించారు. లెగో ముక్కల లాంటి ఆకారాలు ఇరవై జతలు. ఒక ఆకారాన్ని ముట్టుకుని రెండిట్లో దాన్ని మళ్ళీ ముట్టుకుని గుర్తుపట్టడంలో 98 శాతం ఒప్పు, చూసి చూపుతోనే గుర్తుపట్టడంలో 92 శాతం. ముట్టుకున్నదాన్ని చూపుతో గుర్తుపట్టమంటే 58 శాతం, అంటే ఊహించి చెప్పినదానికి ఏమంత మేలు కాదు. లాక్ నెగ్గినట్టే అనిపిస్తుంది. కొన్ని రోజుల తర్వాత మళ్ళీ పరీక్షించగలిగిన వాళ్ళు గణనీయంగా మెరుగయ్యారు. ఏ శిక్షణా లేకుండా రోజుల్లోనే లంకె ఏర్పడిందంటే, లైబ్నిట్స్ శిష్యులు కూడా పూర్తిగా ఓడిపోలేదు. చూపే కొత్తగా వచ్చిన కన్నుకు ఆకారం సరిగా అందిందా అని తత్త్వవేత్త జాన్ ష్వెంక్లర్ సందేహం లేవనెత్తాడు. అందకపోతే ఇది మోలినో ప్రశ్నకు జవాబు కానే కాదు.

ఈ కోవలో హైదరాబాదుకు నేరుగా పాలు ఉంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థలో పుట్టు శుక్లాలు తీసివేయించుకున్న వాళ్ళతో హాంబర్గ్ పరిశోధకురాలు బ్రిగిట్టె రోడర్ బృందం కలిసి పనిచేస్తోంది. 2013లో వెలువడిన వాళ్ళ ఫలితం ప్రకారం, ఆలస్యంగా చూపు పొందిన వాళ్ళ మెదడులో ముఖాలకు ప్రత్యేకంగా కలగవలసిన విద్యుత్ స్పందన, ఏళ్ళు గడిచినా, ఇతర వస్తువులకు కలిగే స్పందనకు భిన్నంగా కనిపించలేదు. అనుభవం కావాలన్న లాక్ మాటకు 'ఏ వయసులో' అనే షరతు చేరింది.

అవతలివాడి తప్పు నమ్మకం

తత్త్వవేత్తలు ప్రయోగాన్ని నేరుగా రూపుదిద్దిన సందర్భం ఒకటుంది. 1978లో ప్రిమాక్, వుడ్రఫ్ అనే ఇద్దరు, ఎదుటి వాళ్ళకు మనస్సు ఉందని చింపాంజీకి తెలుసా అని పరీక్షించారు. అరటిపళ్ళు అందక అవస్థ పడుతున్న మనిషి వీడియో చూపించి, కొన్ని ఫోటోలు ఇస్తే, సారా అనే చింపాంజీ సమస్య తీరే ఫోటోనే ఎంచింది. ఆ వ్యాసం మీద వ్యాఖ్యలు రాసిన వాళ్ళలో డానియల్ డెనెట్, జొనాథన్ బెనెట్, గిల్బర్ట్ హార్మన్ అనే ముగ్గురు తత్త్వవేత్తలు విడివిడిగా ఒకే లోపం పట్టుకున్నారు. సారాకు పళ్ళు ఎలా అందుకోవాలో తెలిస్తే చాలు, ఆ మనిషి మనసులో ఏముందో తెలియనక్కర్లేదు. అవతలివాడి నమ్మకం తప్పైనప్పుడు, ఆ తప్పు ప్రకారం వాడేం చేస్తాడో చెప్పగలిగితేనే వాడి మనస్సు తెలిసినట్టు.

1983లో విమ్మర్, పెర్నర్ దీన్ని పిల్లల కథగా మార్చారు. మాక్సి అనే పిల్లవాడు చాక్లెట్‌ను ఒక అలమారలో పెట్టి ఆడుకోవడానికి వెళతాడు. వాళ్ళమ్మ దాన్ని ఇంకో అలమారలోకి మారుస్తుంది. మాక్సి తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడు నాలుగేళ్ళ పిల్లల్లో ఒక్కరూ సరిగా చెప్పలేదు. నాలుగు నుంచి ఆరేళ్ళ వాళ్ళలో 57 శాతం, ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళలో 86 శాతం చెప్పారు. 1985లో బారన్-కోహెన్, లెస్లీ, ఉటా ఫ్రిత్ ఇదే తరహా పరీక్ష పెడితే ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది తప్పారు. తత్త్వవేత్తల వ్యాఖ్యల్లో తేలిన తార్కిక షరతు ఆ విధంగా వైద్యంలోకి ప్రవేశించింది. 2005లో ఒనిషి, బయార్జాన్ పదిహేను నెలల పసిపిల్లలు కూడా, తప్పు నమ్మకానికి విరుద్ధంగా మనిషి ప్రవర్తిస్తే ఎక్కువసేపు చూస్తారని ప్రకటించారు. ఈ తరహా ఫలితాలు కొన్ని మళ్ళీ చేసినప్పుడు నిలబడలేదు. నిలబడినా, ఎక్కువసేపు చూడడాన్ని 'తెలియడం' అనవచ్చా అన్నది కొలతతో తేలే మాట కాదు.

ప్రవర్తనావాదం నుంచి కంప్యూటర్ దాకా

1913లో వాట్సన్ మనస్తత్వశాస్త్రం నుంచి మనస్సునే వెళ్ళగొట్టాడు. బయటికి కనిపించే ప్రవర్తన చాలన్నాడు. తత్త్వశాస్త్రంలో గిల్బర్ట్ రైల్ 1949లో దగ్గరి మాటే వేరే కారణాలతో చెప్పాడు. 1956లో యు.టి. ప్లేస్, 1959లో స్మార్ట్ అనుభూతి మెదడు వ్యాపారమేనన్నారు. 1959లోనే చోమ్‌స్కీ స్కిన్నర్ భాషాగ్రంథాన్ని సమీక్షిస్తూ ప్రవర్తనావాదాన్ని గట్టిదెబ్బ తీశాడు. యంత్రం ఆలోచించగలదా అన్న ప్రసిద్ధ వ్యాసం 1950లో ట్యూరింగ్ రాసింది 'మైండ్' పత్రికలోనే. పుట్నమ్, ఫోడర్‌లు ఆ దారిలో మనస్సును కంప్యూటర్ ప్రోగ్రామ్ తరహాలో వర్ణించారు: ఏ పదార్థంతో చేసిందన్నది ముఖ్యం కాదు, ఏ పని చేస్తుందన్నదే ముఖ్యం. 1982లో వెలువడిన డేవిడ్ మార్ గ్రంథం చూపును మూడు మెట్లలో వివరించాలంది: ఏ పని, ఏ పద్ధతిలో, ఏ యంత్రాంగంతో. ప్రయోగకారులు దీన్ని శాస్త్రంగా, తత్త్వవేత్తలు తత్త్వంగా చదువుతారు, రెండూ సరైనవే.

లిబెట్ గడియారం

1983లో కాలిఫోర్నియాలో బెంజమిన్ లిబెట్ చేసిన ప్రయోగంలో మనిషి తనకు తోచినప్పుడు మణికట్టు కదపాలి. ఎదుట 2.56 సెకన్లకో చుట్టు తిరిగే చుక్క ఉంటుంది. కదపాలన్న కోరిక పుట్టినప్పుడు చుక్క ఎక్కడుందో చెప్పాలి. కోరిక తెలిసింది కదలికకు దాదాపు 200 మిల్లీసెకన్ల ముందు. మెదడులో సన్నాహ విద్యుత్తు కనిపించింది దాదాపు 550 మిల్లీసెకన్ల ముందు. స్వేచ్ఛాసంకల్పం కట్టుకథ అని పత్రికలు రాశాయి. లిబెట్ అనలేదు, చివరి క్షణంలో ఆపేసే శక్తి మనిషికి ఉంటుందన్నాడు. ఆ సన్నాహాన్ని 'నిర్ణయం' అనడానికి ఆధారమేమిటని తత్త్వవేత్త ఆల్ఫ్రెడ్ మీలీ నిలదీశాడు. 2012లో ఆరన్ షర్గర్ బృందం ఆ విద్యుత్తు మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు పోగుపడిన ఆకారం కావచ్చని లెక్కగట్టి చూపింది. పైగా కోరిక క్షణాన్ని చుక్కతో పోల్చి చెప్పడమంటే, కినబ్రూక్ ఇబ్బంది మళ్ళీ మొదటికొచ్చినట్టే.

హద్దుల మీద వాదాలు

తత్త్వశాస్త్రానికి వేరే గది అక్కర్లేదన్న వాళ్ళున్నారు. క్వైన్ 1969లో జ్ఞానమీమాంసను మనస్తత్వశాస్త్రంలో ఒక అధ్యాయంగా చూడాలన్నాడు. ప్యాట్రిషియా చర్చ్‌లాండ్ 1986లో 'న్యూరోఫిలాసఫీ' అన్న గ్రంథం రాసి, నమ్మకం, కోరిక లాంటి మామూలు భావనలు న్యూరోసైన్స్ ముందు నిలవకపోవచ్చన్నది. ఎదురుపక్షం వాళ్ళు 2003లో గట్టిగా మాట్లాడారు. న్యూరోసైంటిస్ట్ మాక్స్ బెనెట్, తత్త్వవేత్త పీటర్ హ్యాకర్ కలిసి, 'మెదడు నిర్ణయిస్తుంది', 'మెదడు నమ్ముతుంది' అనడం తప్పన్నారు; నిర్ణయించేది, నమ్మేది మనిషి. వాళ్ళ విమర్శకు నిజమైన ప్రయోజనం ఉంది, ముఖ్యంగా దినపత్రికల శీర్షికలు చదివేటప్పుడు. అయితే శాస్త్రజ్ఞులు పాత మాటలను కొత్త అర్థంలో వాడడమే నేరమన్నట్టు రాయడం అతి.

మన దేశంలోనూ రెండు శాఖలు ఒకే ఇంట్లో పుట్టాయి. కలకత్తాలో ప్రయోగ మనస్తత్వశాస్త్రానికి పాఠ్యప్రణాళిక వేసింది తత్త్వశాస్త్ర ఆచార్యుడు బ్రజేంద్రనాథ్ శీల్. 1916లో అక్కడ మొదలైన శాఖను హార్వర్డ్‌లో మున్‌స్టర్‌బర్గ్ దగ్గర చదివొచ్చిన ఎన్.ఎన్. సేన్‌గుప్తా నడిపాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తత్త్వశాస్త్రం నుంచి వచ్చిన కోనేరు రామకృష్ణారావు 1967లో మనస్తత్వశాస్త్రం, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పారు. అమెరికాలో జె.బి. రైన్‌తో కలిసి అతీంద్రియ శక్తుల మీద పనిచేసిన ఆయన, ఆ ఫలితాలకు యోగ, వేదాంతాల చైతన్య భావనను అన్వయించారు. అతీంద్రియ ప్రయోగాలు శాస్త్రలోకాన్ని ఒప్పించలేకపోయాయి. శుద్ధ చైతన్యానికి, మనోవృత్తికి తేడా చూపకుండా చైతన్యాన్ని కొలవబోతే ఏం కొలుస్తున్నామో తెలియదన్న ఆయన పట్టుదల మాత్రం వేరు విషయం. నేటి చర్చల్లో అది అడుగడుగునా ఎదురవుతుంది.

చైతన్యం: తెగని తగవు

1960లో జార్జ్ స్పెర్లింగ్ పన్నెండు అక్షరాలను మూడు వరుసల్లో 50 మిల్లీసెకన్లు చూపించాడు. చూసినవాళ్ళు నాలుగైదే చెప్పగలిగారు, కాని అన్నీ కనిపించాయన్నారు. అక్షరాలు మాయమైన వెంటనే ఒక స్వరం మోగించి అది సూచించే వరుస మాత్రమే చెప్పమంటే, ఏ వరుసైనా దాదాపు మూడు అక్షరాలు చెప్పారు. అంటే చెప్పగలిగినదానికన్నా ఎక్కువ లోపల ఉంది. నెడ్ బ్లాక్ దీన్ని ఆసరా చేసుకుని, అనుభవంలో ఉండడం వేరు, మాటకు అందడం వేరు అంటాడు. కాదు, అన్నీ చూశామన్న భావమే పొరపాటు అంటారు ప్రత్యర్థులు. అంకెల మీద ఇద్దరికీ పేచీ లేదు.

1995లో డేవిడ్ చామర్స్, మెదడు పనితీరు ఎంత వివరించినా ఆ పనికి తోడుగా అనుభవం ఎందుకుండాలన్న 'కఠిన సమస్య' మిగులుతుందన్నాడు. 1998లో జర్మనీలోని బ్రెమెన్‌లో న్యూరోసైంటిస్ట్ క్రిస్టాఫ్ కోచ్, పాతికేళ్ళలో చైతన్యానికి మెదడులో గుర్తు దొరుకుతుందని ఆయనతో వైన్ సీసాల పెట్టె పందెం కాశాడు. 2023 జూన్‌లో న్యూయార్క్ సభలో ఓటమి ఒప్పుకుని పందెం చెల్లించాడు. రెండు ప్రధాన సిద్ధాంతాల వాళ్ళు ముందే తమ అంచనాలు రాసిచ్చి, ఇరుపక్షాలూ ఒప్పుకున్న పద్ధతిలో 256 మందితో చేసిన పరీక్ష ఫలితం 2025లో 'నేచర్'లో వచ్చింది. ఒక సిద్ధాంతం చెప్పినట్టు మెదడు వెనక భాగంలో నిలకడైన లయ కనిపించలేదు. రెండోది చెప్పినట్టు బొమ్మ మాయమైనప్పుడు ముందుభాగం వెలగలేదు. ఎవరూ సిద్ధాంతం వదులుకోలేదు. అంతకుముందే, 2023లో, 124 మంది పరిశోధకులు ఆ మొదటి సిద్ధాంతాన్ని మిథ్యాశాస్త్రమని లేఖ రాశారు. ఏది శాస్త్రమన్న ప్రశ్న తత్త్వశాస్త్రానిదేనని వాళ్ళు గుర్తించినట్టు లేదు.

ఈ తగవు ఆస్పత్రి మంచం దాకా వచ్చింది. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, స్పృహ లేదని నిర్ధారించిన 23 ఏళ్ళ యువతిని టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంటే, ఆరోగ్యవంతుల మెదడులో కనిపించే స్పందనే ఆమె మెదడులో కనిపించింది. 2024లో అనేక దేశాల కేంద్రాలు కలిసి, పిలిస్తే పలకని 241 మంది రోగులను పరీక్షిస్తే 60 మందిలో ఇలాంటి స్పందన తేలింది. చెప్పినట్టు ఊహించుకోవడం స్పృహకు సాక్ష్యమేనా, అది కనిపించని మిగతావాళ్ళకు స్పృహ లేదని అనవచ్చా, చికిత్స కొనసాగింపు మీద ఈ ఫలితానికి ఎంత బరువివ్వాలి అన్నవి ఇప్పుడు వైద్యులు, నీతిశాస్త్రజ్ఞులు, రోగి కుటుంబాలు కలిసి తేల్చుకోవలసిన ప్రశ్నలు.